గోప్య మెవరికొఱకు? – రహస్యపత్రములును, అప్పీళ్ల చరిత్రయు



మహాసభ సమీపించినపుడెల్ల సంచికాసంపాదకవర్గమువారు నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, చరిత్రవిషయమై యొక వ్యాసము వ్రాసి యీయవలెను" అని కోరుట పరిపాటియైనది. ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న నావంటివానినుండి చదువరులు శబ్దచర్చనో, పురాణకథావిమర్శనో యపేక్షింతురు. ఈ యేడు నేను వేఱొక విషయమును చేపట్టితిని. ప్రభుత్వము రహస్యమని చెప్పి యీయ నిరాకరించిన పత్రమును పౌరుడు పట్టువిడువక మరల నడుగుట, అనగా అప్పీలు చేయుట, ఎవరి ప్రయత్నమువలన, ఎన్ని యోటముల పిదప మనకు సంక్రమించినదో చెప్పుట నా యుద్దేశము. విషయము శుష్కమని తలంపకుడు. ఇది మన విద్యార్థి వసతిగృహపు ప్రహరీగోడయొద్దనే నాకు తటస్థించినది.

కొన్నియేండ్ల క్రిందట, దాత లిచ్చిన వసతిగృహస్థలములో తూర్పుభాగము ప్రభుత్వభూమి యని యొక వివాదము బయలుదేఱెను. పూర్వ మొక యధికారి ఆ స్థలమును విచారించి నివేదిక వ్రాసెనని పెద్దలు చెప్పుకొనుచుండిరి. అం దేమున్నదో యెవరును చూడలేదు. కార్యవర్గమువారి కోరికపై నేను సంబంధించిన కార్యాలయమునకు దరఖాస్తు పంపితిని. కొన్నిదినములకు "ఈ పత్రము రహస్యమగుటచే ఈయ వీలులేదు" అని యొంటివాక్యపు సమాధానము వచ్చెను. మనవారిలో పలువురు "సర్కారువారే కాదన్న పిదప నింకేమున్నది?" అని నిరాశ చేసికొనిరి. నేనును ఆ కాగితమును మడిచి పెట్టెలో పెట్టబోతిని. వసతిగృహమున చదువుకొనుచున్న న్యాయశాస్త్రవిద్యార్థి యొకడు నన్ను వారించి, "తాతగారూ, ఇది తుదిమాట కాదు, మొదటిమాట" అనెను. ఆ యప్పీలు ఫలితమును వ్యాసాంతమున చెప్పెదను. ఆ బాలుడు చెప్పిన మాటవెనుక నెంత చరిత్ర యున్నదో ముందు విన్నవించెదను.

సంస్కృతమున "గుప్" ధాతువునకు కాపాడుట యని యర్థము. గోప్త యనగా రక్షకుడు; ప్రజలను కాపాడు రాజునకు అది పేరు. కాపాడదగినది గోప్యము. కావున "ఇది గోప్యము" అన్నంతమాత్రమున ప్రశ్న ముగియదు, అచ్చటనే మొదలగును. ఎవరిని కాపాడుటకు గోప్యము? ఎంతకాలము గోప్యము? కౌటిల్యుడు అర్థశాస్త్రమున మంత్రరక్షణమును గూర్చి విపులముగ వ్రాసి, చిలుకలును గోరువంకలును సైతము రాజమంత్రమును వెల్లడించిన కథలు కలవని హెచ్చరించెను. అట్టి జాగ్రత్త చెప్పినవాడే, కార్యము ఆరంభమైన పిదపనో ముగిసిన పిదపనో దానిని పూనుకొన్నవారికి తెలియవచ్చునని యవధి యేర్పఱచెను. రాజ్యపు లెక్కలను, నిబంధనలను వ్రాసియుంచుటకు అక్షపటల మను శాఖను విధించెను. గోప్యమునకు ప్రయోజనమును, అవధియు నుండవలె నను భావము మన పెద్దలకు క్రొత్తది కాదు.

ఆంగ్లేయప్రభుత్వమువారు ఈ దేశమున 1889లో నొకమాఱును, 1923లో మఱియొకమాఱును అధికారరహస్యముల చట్టములను చేసిరి. 1923 నాటి చట్టము స్వాతంత్ర్యానంతరమును నిలిచియే యున్నది. దస్త్రములపై అతిరహస్యము, రహస్యము, గోప్యము, పరిమితము అని నాలుగు తరగతుల ముద్రలు వేయు నాచారమును స్థిరపడెను. 1872 నాటి సాక్ష్యచట్టములోని 123వ విభాగము (ఈ చట్టము 2024 జూలై 1వ తేదీవఱకు అమలులో నుండెను) ప్రకటింపబడని రాజ్యవ్యవహారపత్రములను శాఖాధిపతి యనుమతి లేక సాక్ష్యముగ చూపరాదని శాసించెను. దాని ఫలిత మేమన, దస్త్రమును దాచినవాడే దాచుట న్యాయమా కాదా యని నిర్ణయించువా డయ్యెను. ఒక విద్యార్థి తాను వ్రాసిన పరీక్షాపత్రమును తానే దిద్దుకొన్నచో నెట్లుండును? ఈ వ్యాసములో నేను చెప్పబోవు చరిత్ర యంతయు ఆ యొక్క లోపమును సరిదిద్దుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

మనదేశమున ఈ ప్రశ్న సుప్రీముకోర్టు ముందు స్పష్టముగ నిలిచినది సోధీ సుఖదేవ సింగుగారి వ్యాజ్యమునందు. ఆయన పెప్సు రాష్ట్రమున జిల్లాన్యాయమూర్తిగ నుండి 1953లో పదవినుండి తొలగింపబడిరి. తరువాత ప్రభుత్వముపై దావా వేసి, తన విషయమై పబ్లిక్ సర్వీసు కమీషనువారు చెప్పిన సలహాను, మంత్రివర్గపు నిర్ణయములను చూపింపుడని కోరిరి. ప్రభుత్వము నిరాకరించెను. 1960లో సుప్రీముకోర్టులోని యధికసంఖ్యాకులు ప్రభుత్వపక్షమును సమర్థించి, పత్రము రాజ్యవ్యవహారమునకు సంబంధించినదా కాదా యని మాత్రమే న్యాయస్థానము విచారింపవచ్చుననియు, ప్రకటనవలన హాని కలుగునా లేదా యను నిర్ణయము శాఖాధిపతిదే యనియు, న్యాయస్థానము పత్రమును తెఱచి చూడరాదనియు తీర్పు చెప్పిరి. ఆ తీర్పుతో పూర్తిగ నేకీభవింపక ప్రత్యేకాభిప్రాయమును వ్రాసినవారు మన రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు. ప్రభుత్వపు కోరికను త్రోసిపుచ్చు నధికారము తుదకు న్యాయస్థానమునకు కలదని వారి మతము. తరువాత వారు 1966లో భారతదేశ ప్రధానన్యాయమూర్తి పదవి నలంకరించిరి. నాడు అల్పసంఖ్యాకమైన యా యభిప్రాయము వలెనే దేశము తరువాత నడచుట తెలుగువారమైన మనకు స్మరణీయము.

ఇట్టి ప్రశ్నయే ఇంచుమించుగ నీ కాలముననే అమెరికాయందును పుట్టెను. ఆ దేశమువారు 1966లో సమాచారస్వాతంత్ర్య చట్టమును చేసికొనిరి. 1971లో అలాస్కా రాష్ట్రమునకు చెందిన అమ్చిట్కా యను ద్వీపమున, భూమిలోతున, మిక్కిలి పెద్దదగు అణువిస్ఫోటమును జరుప ప్రభుత్వము సంకల్పించెను. దానివలన కలుగు ప్రమాదములను గూర్చి ప్రభుత్వశాఖలు అధ్యక్షునకు సమర్పించిన యభిప్రాయములు పరస్పరభిన్నములై యున్నవని వార్త వెలువడెను. హవాయిద్వీపముల ప్రతినిధియగు పాట్సీ మింక్ అను మహిళయు, మఱి 32 గురు కాంగ్రెసు సభ్యులును ఆ పత్రముల నడిగిరి. రహస్యములని నిరాకరించిరి. వారు న్యాయస్థానమున కెక్కిరి. విచారణ సాగుచుండగనే 1971 నవంబరు 6వ తేదీన విస్ఫోటము జరిగిపోయెను. 1973 జనవరిలో అమెరికా సుప్రీముకోర్టు మింక్ పక్షమునకు ప్రతికూలముగ తీర్పు చెప్పెను. దస్త్రముపై రహస్యముద్ర యున్నదా లేదా యని చూచుటతప్ప, ఆ ముద్ర న్యాయమైనదా యని విచారించు నధికారమును చట్టము న్యాయస్థానమున కీయలేదని యా తీర్పు సారాంశము.

పైకి చూచిన నిది పూర్ణపరాజయము. కాని యీ తీర్పు లోపము చట్టములో నున్నదని అందఱికిని తేటపఱచెను. మఱుసటి సంవత్సరము కాంగ్రెసు చట్టమును సవరించి, రహస్యముద్ర సక్రమమా కాదా యని న్యాయమూర్తి పత్రమును ఏకాంతమున చూచి నిర్ణయింపవచ్చునని విధించెను. అధ్యక్షుడు ఫోర్డు దానిని త్రోసిపుచ్చగా, 1974 నవంబరులో ఉభయసభలును మూడింట రెండువంతుల బలముతో దానిని మరల నెగ్గించినవి. మింక్ ప్రభృతులు తమ పత్రమునకై చేసిన పోరాటమున నోడిరి. తరువాత నడుగువారందఱికొఱకును గెలిచిరి.

మింక్ తీర్పు వెలువడిన రెండేండ్లకే మన దేశమున ఉత్తరప్రదేశ ప్రభుత్వమునకును రాజనారాయణునకును జరిగిన వ్యాజ్యము తీర్పునకు వచ్చెను. 1971 ఎన్నికలలో రాయబరేలీయందు శ్రీమతి ఇందిరాగాంధీగారిపై నోడిన రాజనారాయణుగారు, ప్రధానమంత్రి పర్యటనలలో రక్షణ యేర్పాట్లను తెలుపు "నీలిపుస్తకము"ను తమ ఎన్నికల వ్యాజ్యమున సాక్ష్యముగ చూపింపుమని కోరిరి. ప్రభుత్వము గోప్యమనెను. అలహాబాదు హైకోర్టు ప్రభుత్వపు వాదము నంగీకరింపలేదు. ప్రభుత్వము సుప్రీముకోర్టునకు అప్పీలు చేసెను. 1975 జనవరి 24న ఆ న్యాయస్థానము హైకోర్టు ఉత్తరువును రద్దుచేసి పునర్విచారణకు పంపినను, అవసరమైనచో న్యాయస్థానము ఆ పత్రమును తానే చూచి నిర్ణయింపవచ్చునని స్పష్టము చేసెను. జస్టిస్ మాథ్యూగారు తమ తీర్పులో ప్రజాసేవకులు బహిరంగముగ చేయు ప్రతికార్యమును తెలిసికొను హక్కు ప్రజలకు కలదనియు, నిత్యవ్యవహారములపై రహస్యమను తెఱ కప్పుట ప్రజాహితము కాదనియు నిరూపించిరి. ఇచ్చటను చిత్రమేమన, అప్పీలున నెగ్గినది ప్రభుత్వము; నిలిచినది ప్రజల హక్కు.

ఆ బీజము మొలకెత్తి చెట్టగుటకు మఱి ముప్పది సంవత్సరములు పట్టెను. రాజస్థానమున కరవుపనుల కూలివారు తమ కూలిలెక్కల పట్టీలను చూపుడని 1990వ దశకమున చేసిన యుద్యమము దానికి నీరు పోసెను. 1996లో బ్యావర్ పట్టణమున వారు దినములతరబడి కూర్చుండి అడిగినది రాజ్యరహస్యము కాదు. తమ కూలి యెంత వ్రాసికొన్నారో చూపుడని మాత్రమే. తుదకు 2005 అక్టోబరు 12వ తేదీన సమాచారహక్కు చట్టము దేశమున పూర్తిగ నమలులోనికి వచ్చెను. ఇందలి 22వ విభాగము ఈ చట్టమునకును 1923 నాటి రహస్యముల చట్టమునకును విరోధము కలిగిన తావులలో క్రొత్తచట్టమే ప్రబలమని చెప్పుచున్నది. 8వ విభాగపు రెండవ ఉపవిభాగము, హానికంటె ప్రజాహితము మిన్నయైనచో గోప్యపత్రమునైనను ఈయవచ్చునని చెప్పుచున్నది. దాచినవాడే తుదినిర్ణేత యను పూర్వపులోపము ఇచ్చట తొలగినది. ఏలయన, 18వ విభాగము ననుసరించి సమాచార కమీషను విచారణసమయమున ఏ పత్రమునైనను తెప్పించి చూడవచ్చును, దానికి దాచుట యెవరికిని తగదు. సుబ్బారావుగారి యభిప్రాయము ఇట్లు శాసనరూపమును పొందినది.

అయినను చట్టము వచ్చినంతనే తలుపులన్నియు తెఱచుకొన్నవని చెప్పుట సత్యము కాదు. ఇందులకు కులదీప్ నయ్యరుగారి యప్పీలు సాక్ష్యము. 1962 అక్టోబరు, నవంబరు మాసములలో చీనావారితో జరిగిన యుద్ధమున మన సైన్యమునకు కలిగిన పరాభవమునకు కారణము లరయుటకై, నాటి సేనాధిపతి జనరల్ చౌదరిగారు లెఫ్టినెంటు జనరల్ హెండర్సన్ బ్రూక్సుగారిని, విక్టోరియాక్రాస్ బిరుదాంకితులగు బ్రిగేడియర్ భగత్‌గారిని నియమించిరి. వారు 1963లో నివేదిక సమర్పించిరి. అది అతిరహస్యమై బీరువాలలో నుండిపోయెను. పత్రికారచయితయగు నయ్యరుగారు క్రొత్తచట్టము వచ్చిన 2005లోనే దానికై దరఖాస్తు చేసిరి. రక్షణశాఖ నిరాకరించెను. వారు అప్పీలు చేసిరి. కేంద్ర సమాచార కమీషనువారు నివేదికను తెప్పించి తామే పరిశీలించి, సరిహద్దువివాద మింకను సజీవముగ నున్నదనియు, వెల్లడించినచో దేశరక్షణకును విదేశసంబంధములకును హాని కలుగుననియు 2010 మార్చిలో తీర్పు చెప్పి అప్పీలును త్రోసివైచిరి.

నలువదియేడు సంవత్సరముల నాటి పత్రము ఇంకను గోప్యమేనా యని చదువరు లడుగవచ్చును. చట్టములో ఇరువది సంవత్సరములు దాటిన విషయములను వెల్లడింపవలెనను నియమము కలదు గాని, దేశసార్వభౌమత్వము, రక్షణ, విదేశసంబంధములు మొదలగువాని కా నియమము వర్తింపదు. అచ్చట వయస్సు వాదము కాజాలదు, ప్రజాహితమే వాదము. 2008లో నొక ప్రభుత్వమువారి రక్షణమంత్రి ఈ నివేదికకు నేటికిని సైనికప్రాధాన్యము కలదని పార్లమెంటున చెప్పిరి. పాలకపక్షము మాఱిన పిదప 2014లోను ప్రకటన దేశహితము కాదనియే రాజ్యసభకు సమాధానము వచ్చెను. ఈ నడుమనే 2014 మార్చిలో నెవిల్ మాక్స్‌వెల్ అను విదేశీయ రచయిత తన చేత నున్న ఆ నివేదికలో పెద్దభాగమును లోకమునకు వెల్లడించెను. స్వదేశపౌరుడు చట్టము ననుసరించి వినయముతో అడిగి పొందజాలని దానిని, పరదేశీయు డొకడు ఊరక పంచిపెట్టెను. ఇందలి వైపరీత్యమును చదువరులే భావింపగలరు.

ఇక దీనికి ప్రతిగా నొక యనుకూలోదాహరణము. నేతాజీ సుభాషచంద్రబోసుగారికి సంబంధించిన దస్త్రములను వెల్లడించినచో విదేశములతో స్నేహము చెడునని చెప్పి అధికారులు చిరకాలము నిరాకరించుచు వచ్చిరి. నేతాజీ కుటుంబమువారును, పరిశోధకులును విడువక దరఖాస్తులు, అప్పీళ్లు చేయుచునే యుండిరి. 2015 సెప్టెంబరు 18న పశ్చిమబంగాళ ప్రభుత్వము తమ చేత నున్న 64 దస్త్రములను బహిరంగపఱచెను. 2016 జనవరి 23న, నేతాజీ జయంతినాడు, కేంద్రప్రభుత్వము 100 దస్త్రముల ప్రతులను జాతీయ అభిలేఖాలయమున ప్రజల యెదుట నుంచెను. వానివలన పండితులనడుమ వాదప్రతివాదములు సాగినవి. స్నేహదేశ మేదియు మనకు శత్రువు కాలేదు. పదిమాఱులు కాదన్న సమాధానముకూడ పదునొకండవమాఱు మాఱవచ్చునని దీనివలన తెలియుచున్నది.

నే నిట్లు వ్రాయుటవలన రాజ్యమునకు రహస్యములే యుండరాదని తలంచువానిగ నన్ను భావింపవలదు. సరిహద్దున నిలిచిన సైనికుని స్థానమును, ప్రాణమునకు తెగించి నేరమును తెలిపినవాని పేరును దాచుట ధర్మము. అది నిజమైన గోపనము, అనగా రక్షణము. అధికారి పొరపాటును, ఆలస్యమును, ఇంకొకరికి చేసిన పక్షపాతమును అదే ముద్రక్రింద దాచుట గోపనము కాదు. ఈ రెండింటికిని గల భేదమును దాచినవాడుకాక మూడవవాడు చూచి చెప్పవలెను. అప్పీలనగా నింతియే. అది ప్రభుత్వముపై తిరుగుబాటు కాదు. ప్రభుత్వమే పౌరుని చేతికిచ్చిన దీపము.

యువకుల యుపయోగమునకై అనుభవమున తెలిసికొన్న కొన్ని సంగతులు చెప్పెదను. నిరాకరించు నధికారి ఏ విభాగము ననుసరించి, ఏ కారణముచే నిరాకరించెనో, ఎవరికి, ఎన్నిదినములలో అప్పీలు చేయవలెనో తన యుత్తరమునందే వ్రాయవలెను. వ్రాయనిచో నదియే మన మొదటి యాక్షేపణము. మొదటి అప్పీలును 30 దినములలో ఆ కార్యాలయముననే పై యధికారికి చేయవలెను; వారు 30 దినములలో, తగిన కారణమున్న 45 దినములలో తీర్పు చెప్పవలెను. అప్పటికిని న్యాయము కలుగనిచో 90 దినములలో సమాచార కమీషనునకు రెండవ అప్పీలు కలదు. అడిగినవాడు తన యక్కఱను నిరూపింపనక్కఱలేదు. కాదన్నవాడే కాదనుట న్యాయమని నిరూపింపవలెను. మఱియు 10వ విభాగము ననుసరించి, దాచవలసిన వాక్యములను తొలగించి మిగిలినదానిని ఈయవచ్చును గనుక, "అంతయు వీలుకానిచో కొంతైన నిండు" అని తప్పక వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యము, భాష వినయముగను, విషయము స్పష్టముగను ఉండవలెను. కోపముతో వ్రాసిన నాలుగుపుటలకంటె నిదానముగ వ్రాసిన పది పంక్తులు బలవత్తరములు.

ఇక వసతిగృహపు మాట. ఆ విద్యార్థియు నేనును రెండు రాత్రులు కూర్చుండి పై చెప్పిన రీతిని ఒక పుటలో అప్పీలు వ్రాసితిమి. రహస్యమని చెప్పుటయే గాని, ఏ విభాగము క్రింద రహస్యమో చెప్పలేదని చూపితిమి. పై యధికారి మమ్ము పిలిపించి, ఓర్పుతో విని, నివేదిక ప్రతి నీయవలసినదని యుత్తరువు చేసిరి. చేతికి వచ్చిన ప్రతిలో రెండుచోట్ల నల్లనిసిరా పూసియుండెను. అవి విచారణలో సమాచార మిచ్చిన గ్రామస్థుల పేర్లు. వానిని దాచుట న్యాయమేయని మేమును తలంచితిమి. తక్కిన నివేదికలో, స్థలము దాతల పట్టాభూమియే యనియు, దానము సక్రమ మనియు నాటి యధికారి స్పష్టముగ వ్రాసియుండెను. మనకు మేలుచేయు పత్రమే ఇన్ని యేండ్లు మనకు తెలియక, రహస్యమను ముద్రక్రింద పడియుండెను! వివాద మంతటితో సమసెను. కాని నన్ను బాధించిన సంగతి యొకటి కలదు. ఆ స్థల మిచ్చిన దాతగారు తమ దానముపై నింద పడినదను చింతతోనే అంతకు రెండేండ్లు ముందు స్వర్గస్థులైరి. ఆ యప్పీలు రెండేండ్లు ముందు వ్రాసియుండిన నా మహనీయుడు నెమ్మదిగ కన్నుమూసియుండును. వ్రాయకపోవుటకు కారణము చట్టము లేకపోవుట కాదు. "సర్కారువారు కాదన్న పిదప నింకేమున్నది" అను మన యలసతయే.

కావున పోషక మహాశయులకు నా మనవి: మీ యిండ్లలోని దానపత్రములను, పట్టాలను, పాత యుత్తరప్రత్యుత్తరములను చెదలపాలు చేయక సంఘకార్యాలయమున ప్రతు లుంచుడు. ఏ పత్రము ప్రభుత్వమున నున్నదో తెలిసికొనుటకు అవియే జాడలు. యువకులకు నా మనవి: సంవత్సరమున కొక దినమైన వసతిగృహమున కూడి, దరఖాస్తు వ్రాయుట, అప్పీలు వ్రాయుట పెద్దలకు నేర్పుడు. నాకు నేర్పినవాడు నా మనుమని యీడువాడు. నేర్చుకొనుటకు నేను సిగ్గుపడలేదు. మింక్ మొదలుకొని నయ్యరువఱకు ఓడినవారి పుణ్యముననే నేడు మనము అడుగగలుగుచున్నాము. ఆ ఋణమును తీర్చుకొను మార్గ మొక్కటియే: కాదన్నచోట ఆగక, వినయము విడువక, మరల అడుగుట.

మహాసభ నిర్విఘ్నముగ జరుగుగాక. సర్వేషాం స్వస్తి.